కోవా కొట్టు దగ్గరే తినేయాలి

ఉద్యోగం నుంచి దిగిపోయి చాలా ఏళ్ళయింది. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినవాణ్ణి. ఏటా చలికాలంలో ఆఖరి సంవత్సరం విద్యార్థుల్ని మందస కొండల కింది జలాశయం దగ్గర బయలుదేరదీసి, మహేంద్రతనయ ఒడ్డు వెంట, ఉద్దానం తోటల మీదుగా తేలినీలాపురం పక్షుల దాకా నాలుగు రోజులు నడిపించేవాణ్ణి. ఆ నడకని ఇప్పుడు నడిపిస్తున్న లెక్చరర్ మొన్న ఫోన్ చేసి, కొత్తగా చేరినవాళ్ళకి పనికొచ్చేలా ఏదైనా రాసిమ్మన్నారు.

డైరీ రాసే జబ్బు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. పాతవన్నీ ముందేసుకుని కూర్చున్నాను. పక్షుల గురించి రాసిన పేజీల కంటే ప్రిన్సిపాళ్ళ గురించి రాసిన పేజీలే ఎక్కువున్నాయి. మొదట సిగ్గేసింది. తరవాత ఆలోచిస్తే అదే న్యాయమనిపించింది. పక్షి ఎప్పుడూ నా పనికి అడ్డం రాలేదు. నది కూడా పెద్దగా రాలేదు. ఎలుగుబంటి ఒకే ఒక్కసారి వచ్చింది, అదీ మేం పిలిస్తేనే వచ్చింది. ఆ సంగతి చెప్పడానికే ఇదంతా.

నడవని వాళ్ళతో మొదలు

నాలుగు రోజుల నడకకి మీరు మొదట సిద్ధం చేయవలసింది బూట్లూ కాదు, మందుల పెట్టె కూడా కాదు. నడవని వాళ్ళని సిద్ధం చేయాలి. సంతకం పెట్టేవాళ్ళూ, పంపించేవాళ్ళూ, "అవసరమా?" అనేవాళ్ళూ ఇంటి దగ్గర కుర్చీలోనే ఉంటారు. వాళ్ళ కాళ్ళు నొప్పి పుట్టవు కాబట్టి భయాలన్నీ తలలోనే పుడతాయి.

నేను చెప్పబోయే ప్రిన్సిపాల్ గారు లెక్కల మనిషి. మంచివాడే. జీతాల బిల్లు ఏనాడూ ఆపలేదు, క్లాసు ఎగ్గొట్టిన వాళ్ళని నలుగురిలో తిట్టలేదు. కానీ కాలేజీ ప్రహరీ గోడ అవతల ఉన్నదంతా ప్రమాదమేనని ఆయన నమ్మకం. పక్షుల్ని చూడడానికి నడిచి వెళ్ళడమేమిటో ఆయనకి చివరిదాకా అర్థం కాలేదు. పుస్తకంలో బొమ్మ ఉంది కదా అనేవారు. బొమ్మ ఎగరదు కదండీ అంటే, ఎగిరితే మాత్రం పరీక్షలో అడుగుతారా అనేవారు. మిగతా శాఖల వాళ్ళు టూరంటే పిల్లల్ని బస్సెక్కించి నగరంలో ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గరో ఫొటో తీయించి, సాయంత్రం బీచిలో వదిలి, మర్నాడు తెచ్చేసేవారు. దానికి ఆయన కళ్ళు మూసుకుని సంతకం పెట్టేవారు. నా కాగితం మాత్రం బల్ల మీద వారాల తరబడి అలాగే ఉండేది.

ఆయన్ని ఒప్పించడానికి నేను కనిపెట్టిన ఉపాయం ఒకటే. అనుమతి అడగడం మానేసి సలహా అడగడం మొదలుపెట్టాను. "రెండో రోజు మధ్యాహ్నం ఎండకి ఎక్కడ ఆగితే బాగుంటుందంటారు?" అని పటం ముందు పెట్టేవాణ్ణి. లెక్కల మనిషికి పటం చూపిస్తే వేలు ఊరుకోదు. ఇక్కడ ఆగండి అని వేలు పెట్టగానే అనుమతి వచ్చేసినట్టే. ఈ ఉపాయం మీరూ వాడుకోవచ్చు. దీని మీద నాకు హక్కులేమీ లేవు.

దారిని వెనక నుంచి వేయాలి

కొత్తవాళ్ళు బయలుదేరే చోటు నుంచి దారి వేస్తారు. అది తప్పు. చేరవలసిన చోటు నుంచి వెనక్కి వేయాలి. తేలినీలాపురంలో చూడదగ్గ సమయం సాయంత్రం. మేతకి పోయిన, ముక్కు కింద సంచి ఉండే గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ ఊళ్ళో చెట్ల మీది గూళ్ళకి తిరిగొచ్చేది అప్పుడే. నడినెత్తిన ఎండలో చేరితే పిల్లలు పక్షుల కంటే ముందు కునుకు తీస్తారు. కాబట్టి ఆఖరి రోజు మధ్యాహ్నానికి నౌపడా ఉప్పుమడులు దాటాలి. అలా దాటాలంటే ముందు రోజు రాత్రి ఎక్కడ పడుకోవాలి, అక్కడికి చేరాలంటే ఆ ముందు రోజు ఎక్కడ అన్నం తినాలి, అని వెనక్కి వెనక్కి లాక్కుంటూ పోతే కొండ కింద జలాశయం దగ్గర తేలతారు.

ఆ దారిని పిల్లల్ని తీసుకెళ్ళే ముందు మీరొక్కరే నడవాలి. పటంలో నీలం గీత కనిపించిన చోటల్లా నీళ్ళుంటాయనుకుంటే అది పటం చేసినవాడి తప్పు కాదు. మహేంద్రతనయ కొండ దగ్గర రాళ్ళ మధ్య గలగలమంటూ ఉంటుంది. కిందికొచ్చేసరికి ఇసకలో సగం ఇంకిపోయి, చలికాలంలో మోకాలి లోతుకి మించదు. కానీ పైన కొండల్లో వాన పడితే మీ నెత్తిన ఎండ కాస్తున్నా నీటి రంగు మారుతుంది. రంగు మారిన నదిని దాటకండి. అవతలి ఒడ్డున మీ మామగారి ఊరున్నా సరే.

ఇక ఎలుగుల సంగతి. ఉద్దానం అంటే కొబ్బరి, జీడి, పనస. పచ్చగా, చల్లగా, పెళ్ళిపందిట్లో నడుస్తున్నట్టు ఉంటుంది. ఆ నీడ మనకి ఎంత హాయో ఎలుగులకీ అంతే హాయి. వాటి అడవి తగ్గింది, మన తోటలు పెరిగాయి. కాబట్టి పొద్దు బాగా ఎక్కాక బయలుదేరి, పొద్దు వాలక ముందే చేరిపోవాలి. నడిచేటప్పుడు మాట్లాడుతూ నడవాలి. డిగ్రీ పిల్లల్ని నోరు మూసుకోమని జీవితమంతా చెప్పిన నేను ఉద్దానంలో మాత్రం ఆ మాట ఎప్పుడూ అనలేదు. వాళ్ళ గోలకి ఎలుగు ఎటో తప్పుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యమైనది, పడుకునే చోట తిండి ఉండకూడదు. అందులోనూ తీపి, నూనె అసలుండకూడదు. తిండి సామానంతా రేకు డబ్బాలో పెట్టి, బిగించి, దూరంగా చెట్టుకి కట్టాలి. గుడిలో దీపం నూనె కోసం తలుపులు తోసుకొచ్చిన ఎలుగుల గురించి అక్కడ ఎవరినడిగినా చెబుతారు.

దీంట్లోంచే మా కోవా నియమం పుట్టింది. మా జిల్లా వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు గానీ, మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. మందస కోవాకి ప్రసిద్ధి. మందస వెళ్ళి కోవా లేకుండా ఇంటి గుమ్మం తొక్కే ధైర్యం మా వైపు మగవాళ్ళకి లేదు. మేం రెండో రోజు ఉదయం మందస ఊరి మీదుగా నడిచి, సాయంత్రానికి ఉద్దానం చేరతాం. అంటే కోవా కొట్టు సరిగ్గా ఎలుగుల దారికి గుమ్మంలో ఉందన్నమాట. అందుకని, కొన్నది కొట్టు దగ్గరే తినేయాలి, సంచిలో పెట్టకూడదు, చేతులు కడుక్కుని మరీ కదలాలి. అదీ నియమం.

గంపతో వచ్చిన తల్లి

చాలా ఏళ్ళ పాటు ఈ నడకకి మగపిల్లలే వచ్చేవారు. ఆడపిల్లలు రావద్దని ఎవరూ రాసిపెట్టలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు. వాళ్ళకి ఆ నాలుగు రోజులూ ల్యాబులో సీసాల్లోని కప్పల్ని చూపించి, ఫీల్డు రికార్డుకి సగం మార్కులు వేసి సరిపెట్టేవారు. ఒక ఏడాది పైడితల్లి అనే అమ్మాయి నా దగ్గరకొచ్చి సగం మార్కులు వద్దంది. పైన చదవాలంటే మొత్తం కావాలి, నన్నూ నడిపించండి అంది. సముద్రం ఒడ్డు ఊరి పిల్ల. తండ్రి వేటకి వెళతాడు, తల్లి గురమ్మ చేపల గంపతో ఊళ్ళు తిరుగుతుంది. పైడితల్లి అడిగిందని తెలిసి మరికొందరు ఆడపిల్లలు కూడా చేతులెత్తారు.

ఇంట్లో వాళ్ళ ఒప్పుదల కావాలన్నారు ప్రిన్సిపాల్ గారు. మర్నాడే గురమ్మ వచ్చింది. ఊళ్ళో అమ్మకం సగంలో ఆపి వచ్చినట్టుంది, గంప కూడా తెచ్చి ఆఫీసు గది గుమ్మం పక్కన దింపింది. ప్రిన్సిపాల్ గారు జేబురుమాలు తీశారు.

"మా గుంటని కొండలంట తిప్పుతారట. ఏటుందక్కడ?" అని నన్నడిగింది.

పక్షులున్నాయన్నాను.

"పిట్టలా? మా ఇంటికాడ పిట్టలు నేవేటి మాస్టారూ? రోజూ కాకుల్తో సేపలు కాసుకోలేక సస్తన్నాం."

పైడితల్లి గోడకి ఆనుకుని నేలచూపులు చూస్తోంది. మార్కుల సంగతి నేను వివరించాను. గురమ్మ అంతా విని, కాసేపు గంప వైపు చూసింది.

"సరే. అలగయితే నానూ వస్తాను. నాను రాకపోతే గుంటా రాదు."

ప్రిన్సిపాల్ గారికి ఇది ఏ రూలు కిందికి వస్తుందో తెలియలేదు. విద్యార్థినితో తల్లి రాకూడదని రూలు లేదు. చేపలమ్మి రాకూడదని అసలే లేదు. లెక్క తేలక, చివరికి తానూ వస్తానన్నారు. పర్యవేక్షణకట. వెళుతూ వెళుతూ నన్ను పక్కకి పిలిచి మెల్లగా చెప్పారు. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి తేడా జరిగినా సరే, ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకి కూడా ఈ నడక ఇదే ఆఖరు. ఆయన అన్న మాట మీద నిలబడే మనిషి. అదే నాకు భయం.

రెండు పొయ్యిలు

మాది అరసవల్లి వైపు కుటుంబం. మా తాతగారు గుళ్ళో పురాణం చెప్పేవారు. ఉల్లిపాయ కూడా ఇంట్లోకి ఆలస్యంగా వచ్చిన వంశం. అయినా చేపలు తినే పిల్లలతో ఇన్నేళ్ళు నడిచాను గనక ఎవరి కంచం వాళ్ళదే అని నేర్చుకున్నాను. మా ల్యాబు అటెండరు సింహాచలం వంట చూసేవాడు. ఆ ఏడాది మాత్రం రెండో పొయ్యి వెలిగింది. గురమ్మ తనతో ఎండుచేపలు తెచ్చుకుంది, మూట నిండా. అవి లేకుండా ముద్ద దిగదంది.

జలాశయం గట్టు దగ్గర మొదటి రాత్రి అన్నాల వేళ ఆవిడ నా కంచంలోకి తొంగిచూసింది.

"ఏటి మాస్టారూ, ఈ పప్పు తినేసి ఇంత దూరం నడుస్తన్నారా? పాపం."

ఆ "పాపం" మనస్ఫూర్తిగా అన్నది. పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు. ప్రిన్సిపాల్ గారు మాత్రం నవ్వలేదు. ఈ కంపు కొండ మీదికి కూడా కొడుతుంది, ఏదో ఒకటి వస్తుంది చూడండి అని నాతో గొణిగారు. నేను ఆ మూటని రేకు డబ్బాలో పెట్టించి మూత బిగించాను. గురమ్మ అడ్డు చెప్పలేదు. కాకుల నుంచే కాదు, కొండల్లో ఉన్నవాటి నుంచి కూడా దాచుకోవాలంటే సరేనంది.

రెండో రోజు పొద్దున్నే నది దాటాం. చెప్పులు చేత పట్టుకుని, చీర కాస్త ఎగదోపి, గురమ్మ సంతలో నడిచినట్టు నడిచేసి అవతల కూచుంది. ప్రిన్సిపాల్ గారు తోలుబూట్లతో వచ్చారు. బూట్లు విప్పి, మేజోళ్ళు మడిచి, ఒక రాయి మీద ఆగి నీటి లోతు గురించి ఒక్కొక్కర్నీ విడివిడిగా అడిగి తెలుసుకున్నారు. పైడితల్లి అప్పటికే ఒడ్డు మట్టిలోని లకుముకి పిట్ట బొరియ దగ్గర కూర్చుని బొమ్మ గీసుకుంటోంది. ఆ పొద్దు ఆ పిల్ల కళ్ళలో కనిపించిన వెలుగుని, ఈ నడక ఏ కారణంగా ఆగినా నేను మర్చిపోలేననిపించింది.

మందసలో కోవా కొట్టు దగ్గర ఆగాం. అందరూ నిలబడి తిన్నారు, చేతులు కడుక్కున్నారు. బయలుదేరే ముందు నేను వరసగా సంచులన్నీ చూశాను. పిల్లలవి చూశాను, సింహాచలానిది చూశాను, గురమ్మది చూశాను. ఆ మధ్యలో ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేసుకొస్తానని వీధి చివరికి వెళ్ళి వచ్చారు. ఆయన సంచి చూడలేదు. ఏదో జిల్లా మహాసభలో పంచిన నీలం సంచి అది, పెద్ద అక్షరాలతో. పైఅధికారిని పట్టుకుని "మీ సంచి విప్పండి" అనడం మా సర్వీసులో ఎవరికీ నేర్పలేదు. రూళ్ళు రాసే పుస్తకాలన్నీ కిందివాళ్ళ సంచులు విప్పడానికే.

మోటారు గది డాబా మీద

ఆ సాయంత్రం ఒక జీడితోటలో దిగాం. తోట యజమాని పిక్కలు ఆరబెట్టుకునే పాక ఒకటి మాకిచ్చాడు. సంచులూ పక్కబట్టలూ పాకలో పెట్టి, వంటకి బావి దగ్గరికి వచ్చాం. బావి పక్కన మోటారు గది, దాని మీద చిన్న డాబా, ఎక్కడానికి ఇనప నిచ్చెన. ఎండుచేపల డబ్బా పాకకీ బావికీ మధ్య జీడికొమ్మకి కట్టాం. పొద్దు వాలుతోంది. సింహాచలం అప్పుడే బియ్యం కడుగుతున్నాడు.

అతనే ముందు చూశాడు. గిన్నె మెల్లగా కింద పెట్టాడు.

"ఎవులూ అరవొద్దు. ఎలుగొడ్డు."

తోట చివర, రెండు జీడిచెట్ల మధ్య నల్లటి ముద్ద. బద్ధకంగా, సొంత పెరట్లో తిరుగుతున్నట్టు వస్తోంది. అది ఇంకా చాలా దూరంలోనే ఉంది. ఆడపిల్లల్ని ముందు నిచ్చెన ఎక్కించమని నేను సైగ చేసే లోపలే డాబా మీద ఒక మనిషి ఉన్నారు. స్టాఫ్ మీటింగుకి అందరికంటే ఆఖర్న వచ్చే ప్రిన్సిపాల్ గారు అందరికంటే ముందు చేరిన చోటు నాకు తెలిసి అదొక్కటే. ఆయన్ని తప్పుపట్టను. నేనూ ఎక్కాను. అందరం ఎక్కాం. ఒకరి మోకాళ్ళు ఒకరి వీపులో గుచ్చుకుంటూ కూర్చున్నాం.

ప్రిన్సిపాల్ గారు జీడికొమ్మకి కట్టిన డబ్బా వైపు వేలు చూపించారు.

"నేను ముందే చెప్పాను. ఆ ఎండుచేపల కంపుకే వచ్చింది. రేపు పొద్దున్న అందరూ బస్సెక్కుతున్నారు. ఆడపిల్లలకీ లేదు, మగపిల్లలకీ లేదు. ఈ టూరు ఇక్కడితో సరి."

పైడితల్లి తల్లి వైపు తిరిగింది. "సేపలొద్దన్నాను కదే అమ్మా" అంది. గొంతులో కోపం లేదు, అదే కష్టంగా ఉంది వినడానికి. నది దగ్గరా కొండ దగ్గరా నోరు మూయని గురమ్మ పమిట చెంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చుంది.

ఎలుగు జీడికొమ్మ కిందికొచ్చింది. డబ్బా వైపు మూతెత్తింది. రెండు సార్లు వాసన చూసింది. తరవాత, నచ్చని చుట్టమింటికి వెళ్ళినవాడు గుమ్మంలోంచే తిరిగినట్టు, తల తిప్పుకుని తిన్నగా పాకలోకి పోయింది.

లోపల ఏవో దొర్లిన చప్పుడు. ఆ తరవాత బయటికొచ్చింది, నోట నీలం సంచితో. ముంగిట్లో తీరిగ్గా కూలబడి, ముందుకాళ్ళతో సంచి చీల్చి, పొట్లాలు బయటికి లాగింది. ఆకులు చింపి నాకడం మొదలుపెట్టింది. అంత శ్రద్ధగా కోవా తిన్నవాళ్ళని నేను మళ్ళీ చూడలేదు.

సంచి మీది అక్షరాలు ఆ మసక వెలుతుర్లో కూడా చదవగలిగినంత పెద్దవి. ప్రిన్సిపాల్ గారు ఎవరితోనూ కాకుండా అన్నారు.

"మా ఆవిడ తెమ్మంది."

నేను గురమ్మ వైపు చూశాను. ఇప్పుడు అంటుందనుకున్నాను, చేపల బజారులో నేర్చుకున్నదంతా. ఆవిడ ముందుకి వంగి, జాలిగా అంది.

"తెమ్మంటే తేవాల గదా బాబూ. ఉత్త సేతుల్తో ఎల్తే ఇంటికాడ ఊరుకుంతారేటి?"

ఎలుగు ఆఖరి ఆకు కూడా నాకి, సంచి గుడ్డని కాసేపు నమిలి, బాగోలేదని వదిలేసి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. తోట యజమానీ మనుషులూ దీపాలూ డప్పులతో వచ్చాక గానీ మేం కిందికి దిగలేదు. ఆ రాత్రి ఊళ్ళో పెంకుటింటి అరుగు మీద పడుకున్నాం. ఇది నవ్వుకుంటూ రాస్తున్నాను గానీ, ఎలుగు చేతిలో ముఖం పోగొట్టుకున్న మనుషుల్ని ఆ తోటల్లోనే చూశాను. ఆ రోజు నిచ్చెన దగ్గరగా ఉండబట్టి సరిపోయింది. కొత్తగా వెళ్ళేవాళ్ళు నవ్వుని ఇంటికొచ్చాక నవ్వండి.

బేరం

పొద్దున్నే టీలు తాగుతుంటే ప్రిన్సిపాల్ గారు గొంతు సవరించుకున్నారు. భద్రత ముఖ్యమన్నారు. బస్సు ఎన్నింటికో కనుక్కోమని సింహాచలానికి చెప్పారు. ఆయన నా కళ్ళలోకి చూడలేదు. నేనూ చూడలేదు. కిందివాడు నిజం తెలిసి కూడా ఊరుకుంటే దాన్ని మర్యాద అంటారు. నేను ఆ మర్యాదలో మంచి అనుభవం ఉన్నవాణ్ణి. మాట్లాడవలసింది నేనే. కానీ మాట్లాడింది గురమ్మ. వచ్చి ఆయన ఎదురుగా అరుగు కింద కూచుంది, గంప ముందు కూచున్నట్టు.

"బాబూ, ఒక మాట. ఎలుగొడ్డు నా ఎండుసేపల కోసమే వచ్చినాదని అందరికీ సెప్పుకోండి. నానేటీ అనుకోను. మా ఊరోళ్ళకీ అదే సెప్తాను. కానీ గుంటలు ఆ పిట్టల దాకా నడవాల. వచ్చే ఏడూ నడవాల. అదీ బేరం."

ప్రిన్సిపాల్ గారు గ్లాసు పట్టుకుని చాలాసేపు ఆలోచించారు. లెక్కల మనిషి కదా, ఆ బేరంలో లోటు కనిపెట్టారు.

"చేపల కోసం వచ్చిందంటే, చేపలు తేనిచ్చినందుకు టూరు ఆపాల్సిందే కదమ్మా?"

"అదీ నిజమే" అని ఒప్పుకుంది గురమ్మ.

"కోవా కోసం వచ్చిందంటే…" అని ఆయన మధ్యలో ఆగిపోయారు. మళ్ళీ ఆలోచించారు. చివరికి లెక్క తేలినట్టు గ్లాసు కింద పెట్టారు. "ఎలుగు రాలేదు."

"రానేదు బాబూ."

"మరి సంచేదని అడిగితే?" అన్నాడు సింహాచలం. అతను ఇలాంటివి ఊరికే వదలడు.

"నదిలో కొట్టుకుపోయింది."

మహేంద్రతనయలో ఆ నెలలో చెప్పు కూడా కొట్టుకుపోదు. ఎవరం ఆ మాట అనలేదు. పైడితల్లి లేచి తన సంచి భుజాన వేసుకుంది. మిగతా పిల్లలూ లేచారు. బస్సు సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ప్రిన్సిపాల్ గారు కూడా ఎక్కలేదు. బూట్లు కరిచి మడమలు పుళ్ళయితే, గురమ్మ కొబ్బరినూనె రాసి గుడ్డ కట్టింది. మిగిలిన దారంతా ఆయన ఆవిడ ఇచ్చిన రబ్బరు చెప్పులతో నడిచారు. నేను ఆయన్ని గౌరవించడం మొదలుపెట్టింది ఆ చెప్పుల దగ్గర నుంచే.

పురిటికొచ్చినవాళ్ళు

ఆఖరి సాయంత్రం అనుకున్న వేళకే తేలినీలాపురం చేరాం. చింతచెట్ల నిండా గూళ్ళు. గూడబాతులు గొంతు సంచుల నిండా చేపలు తెచ్చి పిల్లల నోట్లో పెడుతున్నాయి. పైడితల్లి చెట్టు కింద చతికిలబడి తలెత్తి చూస్తోంది. రికార్డు పుస్తకం ఒళ్ళో మూసే ఉంది. ముందు చూసుకోనీ అనుకున్నాను.

గురమ్మకి మాత్రం అది మరోలా కనిపించింది. "ఓలమ్మా, ఇంతింత మూతులు. రోజుకెంత సేప తినేస్తాయో ఇవి" అంది, నష్టం లెక్కకడుతున్నట్టు.

పక్కింటి ముంగిట్లో కూచున్న ఒకావిడ నవ్వింది. "మా ఆడపిల్లలమ్మా. పురిటికొచ్చినాయి. బిడ్డలకి రెక్కలొస్తే ఎలిపోతాయి."

గురమ్మ మరోసారి తలెత్తి చూసింది. పక్షుల్ని చూసింది, ఆ తరవాత కింద కూచున్న కూతుర్ని చూసింది.

"పురిటికొచ్చినోళ్ళకి పెట్టాల గదా మరి" అంది. "తిననీండి."

ప్రిన్సిపాల్ గారు ఇవి సైబీరియా నుంచి వచ్చాయా అని నన్నడిగారు. అందరూ అలాగే చెబుతారు గానీ ఇవి మన దేశం పక్షులే, సైబీరియా మొహం చూసి ఉండవని చెప్పాను. ఆయన కొంచెం నిరాశపడ్డారు. స్టాఫ్ రూములో మాత్రం సైబీరియా అనే చెప్పుకున్నారు. మరుసటి ఏడాది కాగితం మీద నా సలహా ఉపాయం అక్కర్లేకుండానే సంతకం పెట్టారు. ఆ తరవాత ఆడపిల్లలు రాని ఏడాది లేదు. ఆయన పదవీ విరమణ సభలో ఎవరో ఉద్దానంలో ఏదో జరిగిందట కదా అని కదిపితే, ఆయనే లేచి, ఎలుగుబంటిని కర్రతో అదిలించి పిల్లల్ని కాపాడిన వైనం చెప్పారు. నేను చప్పట్లు కొట్టాను. నా పక్కన కూచున్న సింహాచలం ఇంకా గట్టిగా కొట్టాడు.

సంచి

నన్ను ఇది రాయమన్న లెక్చరర్ పైడితల్లే. పైన చదివింది, మా కాలేజీకే వచ్చింది, నాలాగే దారిని వెనక నుంచి వేసుకుని పిల్లల్ని ముందుకి నడిపిస్తోంది. గురమ్మకి మోకాళ్ళు సహకరించడం లేదు. ఏటా రేకు డబ్బా నిండా ఎండుచేపలు మాత్రం పంపిస్తుందట.

పోయిన చలికాలం నేను బస్సులో మందస వెళ్ళి, కోవా కొట్టు దగ్గర వాళ్ళని కలుసుకున్నాను. ఉద్దానం తోటల దాకా వాళ్ళతో నడిచి, అక్కడి నుంచి ఇంటికి తిరిగొద్దామని. పిల్లలందరూ నిలబడి తిన్నారు, చేతులు కడుక్కున్నారు. పైడితల్లి వరసగా సంచులు చూసుకుంటూ వచ్చింది. ఆ ఏడాది కొత్తగా వచ్చిన ప్రిన్సిపాల్ కూడా ఉన్నారు. ఆయన సంచి కూడా విప్పించింది. ఆయన నోరెత్తకుండా విప్పారు. నేను ఉద్యోగమంతా చేయలేని పని ఆ అమ్మాయి అర నిమిషంలో చేసేసింది.

తరవాత నా ముందుకొచ్చి చెయ్యి చాపింది. "మాస్టారూ, సంచి."

ఇచ్చాను. గొడుగు కింద నుంచి, తువ్వాలు మడత లోంచి పొట్లం తీసింది. పిల్లలందరూ చూస్తున్నారు.

"మా ఆవిడ తెమ్మంది" అన్నాను.

పైడితల్లి నవ్వలేదు. పొట్లం విప్పి నా చేతిలో పెట్టింది.

"ఇక్కడే తినీండి మాస్టారూ."

పిల్లలకి తలా కాస్త పెట్టి, మిగిలింది నిలబడే తిన్నాను. చేతులు కడుక్కున్నాను. తోటల దాకా గట్టిగా మాట్లాడుకుంటూ నడిచాం. సాయంత్రం ఉత్త చేతులతో ఇంటికి చేరాను. ఆ తరవాత ఇంట్లో ఏం జరిగిందో మాత్రం డైరీలో రాయలేదు.